చిన్నపేగుకు ఎమ్మారై: ఎందుకు చేస్తారు, ఎలా సిద్ధం కావాలి

నెలల తరబడి కడుపులో మెలిపెట్టే నొప్పి. తిన్న గంటకో రెండు గంటలకో బొడ్డు చుట్టూ పట్టేస్తుంది. విరేచనాలు వస్తాయి, పోతాయి. బరువు తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది. ఎండోస్కోపీ చేస్తే బాగానే ఉందంటారు, అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదంటారు. చివరికి "గ్యాస్" అని మాత్రలిచ్చి పంపుతారు. ఇలాంటి రోగికి ఏదో ఒక రోజు పేగుల డాక్టరు చీటీ మీద ఒక కొత్త మాట రాస్తారు: ఎమ్మార్ ఎంటరోగ్రఫీ. చిన్నపేగును ఎమ్మారై యంత్రంతో చూసే పరీక్ష అది. దాని గురించి మన ఇళ్లలో తెలిసి ఉండాల్సిన సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చాం.

మధ్యలో మిగిలిపోయే పేగు

నోటి నుంచి పంపే ఎండోస్కోపీ గొట్టం ఆహారనాళం, జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగం దగ్గర ఆగిపోతుంది. కింది నుంచి పంపే కొలనోస్కోపీ గొట్టం పెద్దపేగంతా దాటి, చిన్నపేగు చివర కొద్ది సెంటీమీటర్లను మాత్రం చూడగలదు. ఈ రెండింటికీ మధ్య కొన్ని మీటర్ల పొడవున చిన్నపేగు మడతలు మడతలుగా చుట్టుకుని ఉంటుంది. తిన్న తిండిలోని సారం చాలావరకు ఒంటికి పట్టేది అక్కడే. మామూలు గొట్టాలకు అందనిదీ అదే.

అందుకే "రెండు వైపులా చూశారు, ఏమీ లేదన్నారు" అన్న మాటను బట్టి పేగంతా బాగుందని అనుకోకూడదు. చూసినంత మేర బాగుందని మాత్రమే దాని అర్థం.

ఒకప్పుడు ఈ మధ్య భాగాన్ని చూడడానికి బేరియం తాగించి వరసగా ఎక్స్‌రేలు తీసేవారు. పేగు లోపలి దారి ఎక్కడ సన్నబడిందో అందులో తెలిసేది గాని, పేగు గోడ ఎంత మందంగా ఉంది, గోడ బయట ఏముంది అన్నది తెలిసేది కాదు. ఎమ్మారై ఆ గోడను, దాని చుట్టూ ఉన్న కొవ్వును, రక్తనాళాలను, బిళ్లలను కూడా చూపిస్తుంది.

యంత్రం ఏం చేస్తుంది

ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంతంలో ఒక క్రమంలోకి వస్తాయి. రేడియో తరంగాలతో వాటిని కదిపితే తిరిగి కుదురుకునేటప్పుడు అవి సంకేతాలు పంపుతాయి. వాటి నుంచి కంప్యూటరు బొమ్మ కడుతుంది. ఈ పద్ధతికి బాట వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మెదడుకో మోకాలికో ఎమ్మారై తీయడం వేరు, పేగుకు తీయడం వేరు. పేగు కదులుతూ ఉంటుంది. పైగా ఖాళీ పేగు గాలి పోయిన సైకిల్ ట్యూబులా ముడుచుకుని ఉంటుంది. ముడుచుకున్న గోడ బాగున్నా మందంగానే కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్షకు ముందు రోగి చేత ఒక ద్రవం బాగా తాగించి పేగును నింపుతారు. స్కానింగు సమయంలో పేగు కదలికను కాసేపు ఆపే మందు ఇస్తారు. ఈ రెండూ ఉంటేనే అది ఎంటరోగ్రఫీ అవుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చీటీ మీద "ఎమ్మార్ ఎంటరోగ్రఫీ" అని ఉంటే, స్కానింగు కేంద్రంలో "ఎమ్మారై అబ్డామెన్" అని నమోదు చేసుకోవడం జరుగుతుంటుంది. రెండోది మామూలు కడుపు స్కాన్. అందులో పేగును నింపరు. డబ్బు కట్టాక, స్కానింగు అయ్యాక, డాక్టరు బొమ్మలు చూసి "ఇది కాదు నేను అడిగింది" అంటే మళ్ళీ మొదటికి వస్తుంది. ఫోనులో అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "తాగే మందు ఇస్తారా, పేగు కదలిక ఆపే ఇంజెక్షను ఇస్తారా, ఇవన్నీ చెప్పిన ధరలోనే కలిశాయా" అని అడగండి.

యంత్రం 1.5 టెస్లానా 3 టెస్లానా అన్నది చాలామంది అడుగుతారు. ఈ పరీక్షకు 1.5 టెస్లా యంత్రమూ మంచి బొమ్మలే ఇస్తుంది. రోగి సరిగా తాగడం, ఊపిరి సరిగా బిగపట్టడం, పేగు బొమ్మలు చదివిన అనుభవం ఉన్న రేడియాలజిస్టు చూడడం, ఇవి అంతకంటే ముఖ్యం.

ఎవరికి అవసరం

ఈ పరీక్ష ఎక్కువగా రాసేది క్రోన్స్ వ్యాధికి. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ చిన్నపేగు చివరి భాగంలో వచ్చే ఈ వాపును వర్ణించారు. అప్పటి నుంచి ఆ పేరు స్థిరపడింది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గాని, చిన్నపేగు చివరి భాగం దానికి ఇష్టమైన చోటు. యువ వయసులోనే మొదలవడం ఎక్కువ. జబ్బు ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి స్కానింగులూ పదేపదే కావాలి. ప్రతిసారీ సీటీ తీస్తే ఎక్స్‌రే రేడియేషన్ ఒంట్లో పోగవుతూ పోతుంది. పిల్లలకు, పడుచువాళ్లకు ఎమ్మారై రాయడానికి మొదటి కారణం ఇదే.

ఇవి కాక, చిన్నపేగులో గడ్డలున్నాయన్న అనుమానం, పేగు దారి సన్నబడి అప్పుడప్పుడూ అడ్డుపడడం, పుట్టుకతో వచ్చే కొన్ని పాలిప్ జబ్బులు, పేగు టీబీ వంటి వాటిలోనూ ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

టీబీనా, క్రోన్సా?

మన దేశంలో ఈ పరీక్ష వెనక ఉన్న అసలు చిక్కు ఇది. పేగు టీబీ, క్రోన్స్ వ్యాధి రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే ఎక్కువగా వస్తాయి. నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, రక్తహీనత రెండింటిలోనూ ఉంటాయి. కొలనోస్కోపీలో పుళ్లు రెండింటిలోనూ కనిపిస్తాయి. వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

టీబీ ఉన్న మనిషికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో ఇస్తే టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. క్రోన్స్ ఉన్న మనిషికి టీబీ అనుకుని ఆరు నెలలు మందులిస్తే, ఆ మందులు కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు. ఈలోగా అసలు జబ్బు ముదిరి పేగు దారి సన్నబడవచ్చు. రెండు తప్పులూ ఖరీదైనవే.

ఎమ్మారై బొమ్మల్లో కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. పేగు చుట్టూ ఉన్న బిళ్లలు ఉబ్బి, వాటి నడిమి భాగం కుళ్లినట్టు కనిపిస్తే టీబీ వైపు మొగ్గు. జబ్బు పేగులో కొద్ది మేరకే ఉండడం, పెద్దపేగు మొదటి భాగం ముడుచుకుపోవడం, పొట్టలో నీరు చేరడం కూడా అటువైపే చెబుతాయి. జబ్బు పొడవాటి మేర ఉండి, మధ్యమధ్యలో బాగున్న పేగును వదిలి మళ్ళీ కనిపించడం, పేగు గోడకు వచ్చే రక్తనాళాలు ఉబ్బి దువ్వెన పళ్లలా వరసగా కనిపించడం, ఒక పేగు నుంచి మరో పేగుకో చర్మానికో దారి పడడం క్రోన్స్ వైపు చెబుతాయి.

అయితే ఇవి మొగ్గులే, తీర్పులు కావు. కొలనోస్కోపీలో తీసిన ముక్క పరీక్ష, టీబీ క్రిమికి చేసే కల్చర్, జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న చరిత్ర, అన్నీ కలిపి డాక్టరు నిర్ణయిస్తారు. పేగు టీబీలో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి ముక్క పరీక్షలో టీబీ లేదని వచ్చినా టీబీ కాదని తేల్చేయలేరు. ఎటూ తేలకపోతే టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్ళీ కొలనోస్కోపీ చేసి పుళ్లు మానాయా లేదా చూస్తారు. నొప్పి తగ్గిందన్న మాట ఒక్కటే చాలదు, పుండు మానిందా అన్నదే లెక్క. మానితే టీబీ మందుల కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే మరోసారి ఆలోచించాలి. ఈ దశలో "నొప్పి తగ్గింది కదా, మళ్ళీ కొలనోస్కోపీ ఎందుకు" అని మానేయకండి.

టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఒక రాష్ట్రంలో మొదలుపెట్టిన వైద్యాన్ని నిక్షయ్ నమోదు ద్వారా మరో రాష్ట్రానికి మార్చుకోవచ్చు. పని కోసం రాష్ట్రాలు మారే కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. మధ్యలో ఆపిన టీబీ మందు, అసలు మొదలుపెట్టని మందు కంటే ఎక్కువ చిక్కు తెస్తుంది.

మిగతా పరీక్షలతో పోలిస్తే

సీటీ ఎంటరోగ్రఫీలో కూడా పేగును నింపి చూస్తారు. బొమ్మలు కొద్ది సెకన్లలో వస్తాయి. ఊపిరి ఎక్కువసేపు బిగపట్టలేని వారికి, హఠాత్తుగా కడుపు ఉబ్బి వాంతులతో వచ్చిన వారికి అదే మేలు. దాని లోటు రేడియేషన్.

మాత్రలా మింగే కెమెరా పరీక్ష, అంటే క్యాప్సూల్ ఎండోస్కోపీ, లోపలి పొరను దగ్గరగా చూపిస్తుంది. చిన్న చిన్న పుళ్లను, రక్తం కారే సన్నని నాళాలను పట్టడంలో అది ఎమ్మారై కంటే ముందుంటుంది. అయితే పేగు దారి సన్నబడి ఉంటే ఆ కెమెరా ఇరుక్కుపోవచ్చు. అందుకే ముందు ఎమ్మారైతో దారి చూసి తర్వాత కెమెరా మింగించడం ఒక పద్ధతి. కెమెరా మింగిన తర్వాత అది బయటికి వచ్చిందని రూఢి కాకుండా ఎమ్మారై గదిలోకి వెళ్లకూడదు. ఇది తప్పనిసరి నియమం.

ఎమ్మారై ముక్క తీయలేదు. పైపైన ఉన్న చిన్న పుళ్లు దానికి కనిపించకపోవచ్చు. కాబట్టి అది కొలనోస్కోపీకి తోడే గాని బదులు కాదు.

ముందు రోజు, ఆ రోజు

సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. కొన్ని చోట్ల ముందు రోజు పీచు తక్కువ ఉన్న తేలిక తిండి తినమంటారు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసం రోజు ఎంత వేసుకోవాలో ముందే అడగాలి.

కేంద్రానికి వెళ్లాక ఒకటి నుంచి ఒకటిన్నర లీటరు ద్రవం, 45 నిమిషాల నుంచి గంట లోపు కొంచెం కొంచెంగా తాగిస్తారు. మన దగ్గర ఎక్కువగా మ్యానిటాల్ కలిపిన నీళ్లు గాని, పాలీఎథిలిన్ గ్లైకాల్ కలిపిన నీళ్లు గాని ఇస్తారు. ఉత్త నీళ్లయితే పేగు చివరికి చేరేలోపే ఒంటికి పట్టేస్తాయి. ఇవి పట్టవు కాబట్టి పేగులోనే ఉండి దాన్ని విప్పి ఉంచుతాయి. తియ్యగా, వెగటుగా ఉంటుంది. ఒక్కసారిగా తాగితే వాంతి వస్తుంది, మరీ నెమ్మదిగా తాగితే పేగు నిండదు. కేంద్రం వారు చెప్పిన వరసలో తాగండి. తోడు వెళ్లినవారు గడియారం చూస్తూ గుర్తుచేస్తే చాలా మేలు.

వాంతులవుతూ, కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా ఉన్న మనిషికి ఇంత ద్రవం తాగించకూడదు. అది పేగు పూర్తిగా అడ్డుపడిన సూచన కావచ్చు. అలాంటప్పుడు అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

పరీక్ష తర్వాత కొన్ని గంటల పాటు నీళ్ల విరేచనాలు అవుతాయి. అది మందు తీరు, భయపడక్కర్లేదు. నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి. దూరం నుంచి వచ్చినవారు ఆ సాయంత్రమే బస్సెక్కేలా టికెట్లు తీసుకోవద్దు.

గదిలోకి వెళ్లే ముందు

మన ఆడవాళ్లు ఒంటి మీద నుంచి ఎప్పుడూ తీయనివి కొన్ని ఉంటాయి. మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడుకు కట్టిన తాయెత్తు, జడలో పిన్నులు, జరీ చీర. జరీలో లోహపు పోగు ఉండవచ్చు. ఇవన్నీ తీసి, కేంద్రం వారిచ్చిన నూలు బట్టలు కట్టుకోవాలి. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటే ముందు రోజే ఇంట్లో సబ్బు నీళ్లతో వదులు చేసి తీసుకోవడం నయం. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని పెద్దలు ఉంటారు. పరీక్ష అయ్యే దాకా పసుపుతాడు కట్టుకోవడం చాలా ఇళ్లలో చేసే పని. తాడుకు లోహం ఏదీ లేకుండా చూసుకుంటే చాలు.

గుండెకు పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ యంత్రం, మెదడులో క్లిప్పు, కంట్లో ఇనుప రజను, ఏదైనా ఆపరేషనులో పెట్టిన లోహపు ముక్క ఉంటే తప్పక ముందే చెప్పాలి. కొత్త రకం పేస్‌మేకర్లు కొన్ని ఎమ్మారైకి తట్టుకుంటాయి. దాని కార్డు చూపిస్తేనే ఆ సంగతి తేలుతుంది. లోహశాలలో, వెల్డింగు పనిలో ఏళ్లు గడిపినవారు కంటి సంగతి గుర్తుచేయాలి.

చేతి నరంలోకి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. వాపు ఉన్న గోడ ఆ మందుతో మెరిసినట్టు కనిపిస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లాలి. గర్భిణులకు ఈ మందు సాధారణంగా ఇవ్వరు. పేగు కదలిక ఆపడానికి ఎక్కువగా హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ ఇస్తారు. గ్లాకోమా, గుండె దడ, ప్రోస్టేటు వల్ల మూత్రం ఆగే ఇబ్బంది ఉన్నవారు ఇంజెక్షనుకు ముందే ఆ సంగతి చెప్పాలి. దాని తర్వాత కాసేపు చూపు మసకగా ఉండవచ్చు. వెంటనే బండి నడపకూడదు.

ఊపిరి, భాష

లోపల ముప్పావు గంట దాకా పట్టవచ్చు. సొరంగంలాంటి గొట్టం, పెద్ద చప్పుడు. చెవులకు ప్లగ్గులు ఇస్తారు, చేతిలో నొక్కితే మోగే గంట ఇస్తారు. మధ్యమధ్యలో 15, 20 సెకన్ల పాటు ఊపిరి బిగపట్టమంటారు. ఆ కాసేపు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

ఈ ఆజ్ఞలు స్పీకరులో వస్తాయి. మనం తరతరాలుగా ఇక్కడివాళ్లం కాబట్టి ఈ రాష్ట్ర భాష మనకు చిక్కు కాదు. కానీ ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వైద్యానికి తెచ్చుకున్న పెద్దమ్మకో, కొత్తగా కాపురానికొచ్చిన కోడలికో చప్పుడు మధ్యలో ఆ మాట అందదు. తమిళంలో "మూచ్చై ఇళుత్తు పిడింగ", కన్నడంలో "ఉసిరు బిగి హిడియిరి", మరాఠీలో "శ్వాస్ రోఖూన్ ధరా", ఒడియాలో "నిశ్వాస ధరి రఖంతు", హిందీలో "సాఁస్ రోకియే". మాట ఏదైనా పని ఒక్కటే. గదిలోకి వెళ్లే ముందే టెక్నీషియనుతో మాట్లాడి, లోపలికి పీల్చి పట్టాలా, వదిలేసి పట్టాలా అని అడిగి, రోగి చేత రెండు మూడుసార్లు సాధన చేయించండి. వదలమనే మాట కూడా చెప్పి ఉంచండి. అది అర్థంకాక ఊపిరి పట్టుకునే ఉండిపోయేవారు ఉంటారు.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు అందులో ఏముందో రోగికి తెలుగులో చెప్పండి. ఎలర్జీలు, పాత ఆపరేషన్ల ప్రశ్నలకు "లేదు, లేదు" అని మనమే టిక్కులు పెట్టేయకుండా ఒక్కొక్కటీ అడగాలి.

రిపోర్టులో మాటలు

"టెర్మినల్ ఇలియం" అంటే చిన్నపేగు చివరి భాగం. "మ్యూరల్ థికెనింగ్" అంటే గోడ మందం పెరగడం. బాగా నిండిన పేగు గోడ 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. "స్ట్రిక్చర్" అంటే దారి సన్నబడడం. దాని వెనక పేగు 3 సెంటీమీటర్లకు మించి ఉబ్బి ఉంటే అడ్డు గట్టిదని అర్థం. "కోంబ్ సైన్" ముందు చెప్పిన దువ్వెన ఆనవాలు. "ఫిస్టులా" అంటే ఉండకూడని దారి. "యాబ్సెస్" అంటే చీము గడ్డ. "నెక్రోటిక్ నోడ్స్" అంటే నడిమి భాగం కుళ్లిన బిళ్లలు. "సబాప్టిమల్ డిస్టెన్షన్" అని ఉంటే పేగు సరిగా నిండలేదని. అలాంటప్పుడు మందం గురించి రాసిన మాటను డాక్టరు కొంత జాగ్రత్తగానే తీసుకుంటారు.

సన్నబడిన చోట ఉన్నది మందులతో తగ్గే వాపా, ఆపరేషను కావాల్సిన మచ్చ గట్టిదనమా అన్నది చాలా కుటుంబాలు అడిగే ప్రశ్న. ఎమ్మారై కొంత చెబుతుంది గాని, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. అందుకే "రిపోర్టులో ఆపరేషన్ అని లేదు కదా" అని గాని, "స్ట్రిక్చర్ అని ఉంది, కోయించేద్దాం" అని గాని మనకు మనమే తేల్చుకోకూడదు.

రిపోర్టు కాగితంతో పాటు బొమ్మలున్న సీడీ గాని, పెన్‌డ్రైవ్ గాని అడిగి తీసుకోండి. మన కుటుంబాలు ఒక రాష్ట్రంలో ఉంటూ మరో రాష్ట్రంలో వైద్యం చేయించుకోవడం మామూలు. రెండో డాక్టరు చూడాలనుకునేది రిపోర్టులోని మాటల్ని కాదు, బొమ్మల్ని. తర్వాతి ఏడాది తీసే స్కాన్‌తో పోల్చడానికీ అవే ఆధారం. పాత కొలనోస్కోపీ, ముక్క పరీక్ష రిపోర్టులు, వాడిన మందుల పేర్లు, తేదీలు ఒకే ఫైలులో ఉంచండి. స్కానింగుకు వెళ్లేటప్పుడు ఆ ఫైలు రేడియాలజిస్టుకు కూడా చూపించండి. తాను వెతకాల్సింది ఏమిటో తెలిసి చూసే కంటికి దొరికేది ఎక్కువ.